తాతల నాటి గ్రామఫోన్ ప్లేట్లు: కడగడం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం దాకా

అటక మీది పాత రికార్డుల పెట్టె కిందికి దిగగానే ఇంట్లో అందరిదీ ఒకటే తొందర: "ఒక్కసారి పెట్టి చూద్దాం!" ప్లేట్లు పాడయ్యేది ఎక్కువగా ఆ ఒక్కసారితోనే. గాడిలో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఉండగా ముల్లు దాని మీద నడిస్తే, ఆ దుమ్మే ఆకురాయిలా గాడి గోడల్ని అరగదీస్తుంది. అలా పోయిన స్వరం మళ్లీ రాదు.

అందుకే ఈ వరస తప్పకండి: ముందు గుర్తుపట్టడం, తర్వాత రాసుకోవడం, కడగడం, ప్లేయరు సర్దడం. వినడం ఆఖర్న. అదీ రికార్డింగ్ నడుస్తుండగానే వినాలి.

1. ఏ ప్లేటు దేనితో చేసిందో తేల్చుకోండి

కడిగే నీళ్లు, పెట్టే ముల్లు, తిప్పే వేగం మూడూ దీన్ని బట్టే మారతాయి. పొరపాటు జరిగితే దిద్దుకునే వీలుండదు.

లక్క ప్లేటు: సాధారణంగా 10 అంగుళాలు, కొన్ని 12. బరువుగా, మందంగా ఉంటుంది. లేబుల్ మీద 78 (నిమిషానికి 78 చుట్లు) అని ఉంటుంది, లేదా వేగం ఊసే ఉండదు. అందుకే వీటిని 78లు అంటారు. 10 అంగుళాల ప్లేటు అయితే పక్కకు మూడు నిమిషాలకు అటూ ఇటూ పాట. కింద పడితే పింగాణీలా ముక్కలవుతుంది. మన దేశంలో 1960ల్లో కూడా 78లు అచ్చయ్యాయి కాబట్టి సినిమా పాట కొత్తదైనంత మాత్రాన ప్లేటు వినైల్ అనుకోకండి.

వినైల్: 12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. 7 అంగుళాల ఈపీ మామూలుగా 45. అయితే 7 అంగుళాల్లోనే 33⅓ వేగంతో తిరిగేవీ వచ్చాయి. సైజు చూసి వేగం నిర్ణయించకండి, లేబుల్ చదవండి.

లోహం మీద పూత వేసిన ప్లేటు: ఇది అరుదు, కానీ అన్నిటికంటే విలువైనది ఇదే కావచ్చు. అచ్చు లేబుల్ ఉండదు, చేత్తో రాసిన కాగితమో ఖాళీ లేబులో ఉంటుంది. మధ్య రంధ్రం అంచున చూస్తే అల్యూమినియం మెరుపు కనిపిస్తుంది. దాన్ని నేరుగా కోసి రికార్డు చేస్తారు. అంటే లోకంలో అదొక్కటే ప్రతి అయ్యుండవచ్చు, అందులో మీ వాళ్ల గొంతే ఉండవచ్చు. కడగొద్దు, వేయొద్దు. పూత లేస్తున్నా, మీద తెల్లని జిడ్డు పొడి కనిపించినా అలాగే ఉంచి, ఇలాంటివి బదిలీ చేయడం తెలిసిన నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి.

ఇది లక్కా వినైలా అని వంచి చూడొద్దు. లక్క వంగదు, విరుగుతుంది. అనుమానం ఉంటే లక్క అనే అనుకోండి. లక్కకు పనికొచ్చే నీళ్లు వినైల్‌కీ పనికొస్తాయి. వినైల్‌కు వాడేవన్నీ లక్కకు పనికిరావు.

2. ముందే తెచ్చుకోవాల్సిన సామాను

- డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్లు. ఆటోమొబైల్ షాపుల్లో "బ్యాటరీ వాటర్" పేరుతో దొరుకుతుంది. యాసిడ్ కలిసినది కాదని సీసా మీద చదివి తీసుకోండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. ఆరాక వాటిలోని ఉప్పు గాడిలో మిగిలిపోతుంది.
- గిన్నెలు తోమే ద్రవం, రంగు, వాసన వీలైనంత తక్కువున్నది. చుక్కలు చాలు.
- కొత్త మైక్రోఫైబర్ గుడ్డలు 6. కడగడానికి, కడిగింది తుడవడానికి, ఆరబెట్టడానికి రెండేసి. కలిసిపోకుండా మూలన గుర్తు కుట్టుకోండి.
- మెత్తని కొత్త బ్రష్షు ఒకటి. షేవింగ్ బ్రష్షు బాగా పనికొస్తుంది.
- పళ్లేలు నిలబెట్టే స్టీలు స్టాండు. కడ్డీలకు గుడ్డ చుట్టండి.
- కొత్త లోపలి కవర్లు, ప్లేట్ల సంఖ్య కంటే నాలుగు ఎక్కువ.
- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి, ముల్లు బరువు తూచే చిన్న తూకం.
- బూజు ఉంటే మాస్కు, చేతి తొడుగులు.

సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, కిరోసిన్, కొబ్బరి నూనె ఈ పని జరిగే బల్ల దగ్గరకే రానివ్వకండి. ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది, ఒక్క తుడుపుకే గాడి మెత్తబడి చెరిగిపోతుంది. నూనె రాస్తే ప్లేటు నిగనిగలాడుతుంది, కానీ ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది.

3. కడగకముందు: ఫొటోలు, పట్టిక

పాత అట్ట కవర్ల మీద ఇంటి చరిత్ర ఉంటుంది. కొన్న షాపు ముద్ర, తేదీ, "చి॥ల॥సౌ॥" అని మొదలయ్యే పెళ్లి కానుక రాత, పక్కింటి వాళ్లకు అరువిచ్చి తెచ్చుకున్న గుర్తు, పిల్లలు పెన్సిల్‌తో గీసిన బొమ్మ. నీళ్లు తగిలితే సిరా చెదిరిపోతుంది. ముందు వీటినే కాపాడాలి.

ఒక్కో ప్లేటుకు ఐదు ఫొటోలు తీయండి: అట్ట ముందు, వెనుక, రెండు లేబుళ్లు, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ వలయం. ఆ వలయంలో గీసిన అంకెలు టార్చి ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తాయి. ఫ్లాష్ వాడొద్దు, కిటికీ వెలుతురు మేలు.

పట్టికలో ఉండాల్సినవి: మీరిచ్చిన వరస సంఖ్య, లేబుల్ పేరు, కేటలాగు సంఖ్య, వలయంలోని సంఖ్య, రెండు పక్కల పాటలు, పాడినవారు, వేగం, దెబ్బలు, ఎవరి ప్లేటు, కవర్ మీది రాత ఉన్నదున్నట్టుగా. తప్పులుంటే దిద్దకండి, రాసినవాళ్ల చేతిరాత లాగే వాళ్ల అక్షరదోషాలూ వాళ్లవే.

పద్యనాటకాలు, హరికథలు ఎన్నో ప్లేట్ల సెట్లుగా వచ్చాయి. ఏళ్లు గడిచేసరికి ప్లేట్లు వేరే కవర్లలోకి మారిపోయి ఉంటాయి. లేబుల్ మీద భాగం సంఖ్య చూసి సెట్టు పేర్చుకోండి. ఒకటి, రెండు భాగాలు ఒకే ప్లేటుకు అటూ ఇటూ ఉంటాయని అనుకోవద్దు. ప్లేట్లు వాటంతటవే మారే యంత్రాల కోసం చేసిన సెట్లలో వరస వేరుగా ఉంటుంది.

4. కడగడం

ఒక విడతకు పది ప్లేట్లు మించొద్దు. అలసిన చేతిలోంచే ప్లేటు జారుతుంది. నేల మీద మందపాటి దుప్పటి పరిచి, దాని మీదే కూర్చుని చేయడం అన్నిటికంటే క్షేమం.

కలిపే తీరు: ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెల ద్రవం 4 లేదా 5 చుక్కలు. నురగ కనిపించిందంటే ఎక్కువైనట్టే.

1. పొడి బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి. అడ్డంగా, అంటే మధ్య నుంచి అంచుకు, ఏ దశలోనూ తుడవొద్దు.
2. అంచు, పగుళ్లు చూడండి. అంచు చిట్లి లోపలి పొర కనిపించే లక్క ప్లేటుకు తడి తగలనివ్వొద్దు. కొన్ని కంపెనీల లక్క ప్లేట్లలో లోపల కాగితం పొరలుంటాయి, నీళ్లు పీలిస్తే ఉబ్బుతాయి. వాటికి పొడి బ్రష్షుతో సరి.
3. గుడ్డను సబ్బునీళ్లలో ముంచి పిండండి. లేబుల్‌కు వేలెడు దూరం వదిలి, గాడి వెంట ఐదారు చుట్లు తుడవండి.
4. జిడ్డు వేలిముద్రలున్న చోట తడి గుడ్డను అర నిమిషం ఆనించి ఉంచి మళ్లీ తుడవండి. గోకొద్దు.
5. ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన రెండో గుడ్డతో రెండుసార్లు తుడవండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. సబ్బు మిగిలితే పాట పొడవునా సన్నని చిటపట వినిపిస్తుంది, ముల్లుకు తెల్లని ముద్ద పట్టుకుంటుంది.
6. పొడి గుడ్డతో అద్ది, రెండో పక్క కూడా ఇలాగే చేసి, స్టాండులో నిలబెట్టండి. నీడలో, ఫ్యాను ఆపి, రాత్రంతా ఆరనివ్వండి.

లక్క ప్లేటును నీళ్లలో నానబెట్టడం, కుళాయి కింద పట్టడం రెండూ తప్పే. ఒక్కో పక్క తడి పని రెండు మూడు నిమిషాల్లో ముగియాలి.

వినైల్ మీద మొండి జిడ్డుంటే మాత్రం ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి వాడవచ్చు. ఆ సీసా మీద "లక్కకు వద్దు" అని పెద్దక్షరాలతో రాసి, వేరే గదిలో పెట్టండి.

బూజు పట్టిన ప్లేట్లు విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని మిగతావాటి నుంచి ముందే విడదీయండి. ఆరుబయట, మాస్కు పెట్టుకుని పొడి బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే కడగండి. ఆ బ్రష్షు, గుడ్డలు మళ్లీ మంచి ప్లేట్లకు వాడొద్దు. బూజు పట్టిన లోపలి కవరు మీద రాత ఉంటే ఫొటో తీసి విడిగా దాచండి, ప్లేటును మాత్రం మళ్లీ అందులో పెట్టకండి.

5. ప్లేయరు సిద్ధం చేయడం

ముల్లు: 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. 78కి సుమారు 3 మిల్లుల కొన, ఎల్పీకి 0.7 మిల్లుల కొన కావాలి (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఎల్పీ ముల్లుతో 78 వేస్తే కొన గాడి అడుగుకు దిగి అక్కడి మడ్డిని రాచుకుంటూ పోతుంది, బుస ఎక్కువ, గొంతు తక్కువ. 78 ముల్లుతో ఎల్పీ వేస్తే గాడే చెడిపోతుంది. కొన్ని పాత ప్లేయర్లలో ముల్లు పక్కన చిన్న మీట ఉంటుంది, తిప్పితే ముల్లు మారుతుంది. ప్రతి ప్లేటుకూ అది ఎటుందో చూసుకోండి.

కీ ఇచ్చే గొట్టం గ్రామఫోన్ ఉంటే దాని మీద వినైల్ ఎప్పుడూ పెట్టొద్దు. ఉక్కు ముల్లు, దాని మీద వంద గ్రాములకు మించిన బరువు, ఒక్క చుట్టుకే గాడి పోతుంది. లక్క ప్లేటైతే పక్కకొక కొత్త ముల్లు వాడాలి, వాడినది పారేయాలి. ఇంటికి ప్రాణమైన ప్లేట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాకే దాని మీద వినండి.

బరువు: ముల్లు తయారీదారు చెప్పిందే ప్రమాణం. మామూలు ఎల్పీ కార్ట్రిడ్జ్‌లకు (ముల్లు బిగించి ఉండే తలకు) 1.5 నుంచి 2.5 గ్రాములు. 78 ముళ్లలో కొన్నింటికి 2 గ్రాములు చాలదు, కొన్నింటికి 5 దాకా కావాలి. మరీ తేలిగ్గా పెట్టడమే మంచిదనుకోవడం పొరపాటు. బరువు తగ్గితే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతూ గోడలకు దెబ్బ కొడుతుంది.

వేగం: స్ట్రోబ్ డిస్కు (వేగం చూడటానికి చుట్టూ గీతలు గీసిన కాగితపు చక్రం) ఒకటి ప్రింటు తీసుకోండి, 50 హెర్ట్జ్ అని ఉన్నదే కావాలి. అందులో 33⅓కి 180 గీతలు, 78కి 77 గీతలు ఉంటాయి. పాత ఫిలమెంట్ బల్బు వెలుతురులో గీతలు కదలకుండా నిలిస్తే వేగం సరైనది. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష పనిచేయదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇక్కడొక చిక్కుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50. నేరుగా కరెంటుతో తిరిగే మోటారున్న ఇక్కడి ప్లేయరు అక్కడ 20 శాతం వేగంగా పరుగెడుతుంది, అక్కడిది ఇక్కడ 33⅓కి బదులు 28 చుట్ల దగ్గర ఈడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. మోటారు పుల్లీ మార్చాలి, లేదా అడాప్టర్ మీద నడిచే డీసీ మోటారు ప్లేయరు కొనాలి.

పాత ప్లేయరుకు కరెంటు ఇచ్చే ముందు వైరు పగుళ్లు, రబ్బరు బెల్టు చూడండి. కరిగి జిగురైన బెల్టుతో మోటారు తిప్పొద్దు.

6. రికార్డింగ్

మాగ్నెట్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. దానికి ఫోనో ప్రీఆంప్ (ఆ సిగ్నల్‌ను పెంచి, స్వరం సరిచేసే పరికరం) తప్పనిసరి, ప్లేయర్లోనే ఉంటే స్విచ్చిని "లైన్" వైపు పెట్టండి. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్‌కు ఫోనో ప్రీఆంప్ పెట్టకూడదు, దాని సిగ్నల్ ముందే పెద్దది. అక్కడి నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) ద్వారా కంప్యూటర్‌లోకి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే గరగర తప్పదు.

ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. సర్దుబాట్లు ఇవి:

- 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, స్టీరియో. నిమిషానికి సుమారు 35 ఎంబీ, 78లో ఒక పక్కకు 100 ఎంబీ పైన.
- పెద్ద గొంతు వచ్చినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. పద్యం రాగం తీసే చోట ఒక్కసారిగా పెరుగుతుంది, కొంత జాగా వదలండి.
- ముల్లు దించక ముందే రికార్డు నొక్కండి, ఎత్తాకే ఆపండి. పాటకు ముందుండే ఖాళీ గాడి శబ్దం తర్వాత అవసరమవుతుంది.

78లు మోనోనే అయినా స్టీరియోలో తీయండి. తర్వాత రెండు చానళ్లు కలిపితే ముల్లు పైకీ కిందికీ ఊగినప్పుడు వచ్చే రొద చాలావరకు పోతుంది. గాడికి ఒక గోడ బాగా అరిగితే రెండో గోడ వైపు చానల్‌నే ఉంచుకోవచ్చు.

ప్లేయరులో 78 వేగం లేకపోతే? 78 ముల్లు పెట్టి 45 మీద తిప్పి రికార్డు చేయండి, ఆడాసిటీలో వేగాన్ని 1.733 రెట్లు చేయండి. ప్రీఆంప్ స్వర సవరణ కొంత తప్పుతుంది, ఇంట్లో వినడానికి సరిపోతుంది. గెంతే ప్లేట్లకైతే నెమ్మదిగా తిప్పే ఈ పద్ధతే మందు.

వచ్చిన మొదటి ఫైలును వేవ్ లేదా ఫ్లాక్‌గా సేవ్ చేసి, దాన్ని మళ్లీ ముట్టుకోకండి. రొద తీసేదంతా నకలు మీదే. మరో పదేళ్లకు ఇంతకంటే మంచి సాధనాలు రావచ్చు, అప్పుడు కావాల్సింది ఈ ముడి ఫైలే.

7. రొద తీయడం: ఎక్కడ ఆగాలి

ఆడాసిటీలో వరస: ముందు క్లిక్ రిమూవల్ (చిటపటలు తీసేది), తర్వాత నాయిస్ రిడక్షన్ (ఎడతెగని బుస తగ్గించేది), ఆఖర్న శబ్దం స్థాయి. తిరగేస్తే చిటపటలు కూడా రొద నమూనాలో కలిసి పాట మసకబారుతుంది.

నాయిస్ రిడక్షన్‌కు పాట మొదలయ్యే ముందరి ఖాళీ గాడిని నమూనాగా ఇవ్వండి. 6 డెసిబెల్స్ దగ్గర ఆపండి. ఇంకా పెంచితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు మోగుతుంది, హార్మోనియం, తబలా అంచులు కరిగిపోతాయి. 78లో 8 కిలోహెర్ట్జ్ పైన సంగీతం స్వల్పం, అక్కడ లో-పాస్ ఫిల్టర్ (ఆ పై స్వరాలను ఆపేది) పెడితే బుస తగ్గుతుంది. ఈ పనంతా హెడ్‌ఫోన్స్‌తో చేసి, మర్నాడు తాజా చెవులతో మళ్లీ విని తేల్చుకోండి.

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కొంత చిటపట ఉండనివ్వండి. నిశ్శబ్దం కోసం గొంతును బలిపెట్టొద్దు.

8. తరచూ వచ్చే చిక్కులు, దిద్దుబాటు

గుయ్‌మనే మోత: టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్తు వైరును ప్రీఆంప్ జీఎన్‌డీ స్క్రూకు బిగించండి. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి.

ఒకే చోట తిరుగుతూ ఉంటే: ఆ చోట భూతద్దంతో చూడండి. మడ్డి ఉంటే తడిపిన టూత్‌పిక్ కొనతో గాడి వెంట మెల్లగా జరపండి. గీత అయితే 45 మీద తిప్పి చూడండి. అదీ కాకపోతే ఆ చోటుకు ముందు, వెనుక విడివిడిగా రికార్డు చేసి కలపండి. ముల్లును మోసే ప్లేయరు చేయి మీద నాణెం పెట్టడం మాత్రం వద్దు.

ఒకవైపే శబ్దం: ముల్లు తలలోని నాలుగు సన్నని వైర్లలో ఒకటి ఊడి ఉండవచ్చు.

గొంతు చిన్నపిల్లలా ఉంటే వేగం ఎక్కువ, ఈడుస్తుంటే తక్కువ. పాత 78లు అన్నీ కచ్చితంగా 78 దగ్గరే కోసినవి కావు. ఒకే గాయకుడివి రెండు మూడు ప్లేట్లు పోల్చి, గొంతు సహజంగా ఉన్న చోట నిలపండి.

వంగిన వినైల్: ఎండలో పెట్టడం, ఇస్త్రీ, హెయిర్ డ్రయర్ ఏదీ వద్దు. కొద్దిపాటి వంపుకు మధ్యలో పెట్టే బరువు చాలు.

పగిలిన లక్క ప్లేటు: జిగురు పెట్టొద్దు, టేపు అంటించొద్దు. ఒక్కో ముక్కను విడిగా మెత్తటి కాగితంలో చుట్టి, అంచులు రాచుకోకుండా పళ్లెంలాంటి పెట్టెలో పరిచి ఉంచండి. నిపుణులు ముక్కలను పేర్చి పాటను తీయగలిగిన సందర్భాలున్నాయి.

9. పెద్దవాళ్ల మాటను కూడా రికార్డు చేయండి

పాట ఎక్కడైనా దొరకవచ్చు. ఆ ప్లేటు మీ ఇంటికి ఎలా వచ్చిందన్నది నాన్నమ్మకో పెదనాన్నకో మాత్రమే తెలుసు. దీన్ని "తర్వాత చూద్దాం" అని వాయిదా వేయకండి. ప్లేట్లు ఇంకో పదేళ్లు ఆగగలవు.

ఫ్యాను, టీవీ ఆపి, ఫోను వాళ్లకు మూరెడు దూరంలో మెత్తని గుడ్డ మీద పెట్టండి. అసలు అట్టను వాళ్ల చేతికివ్వండి. ముందు పాటను చివరిదాకా విననివ్వండి, ఆ తర్వాత ఆగి ఆగి అడగండి. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అంటే "బాగుండేవమ్మా" అని ఊరుకుంటారు. ఇలా అడిగి చూడండి:

- ఇది ఎవరు తెచ్చారు, ఏ ఊళ్లో కొన్నారు?
- గ్రామఫోన్‌కు కీ ఇచ్చేది ఎవరు? పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారా?
- ఏ పక్క ఎక్కువ వేసేవారు? ఎవరు అడిగి వేయించుకునేవారు?
- ఈ కవర్ మీద రాత ఎవరిది?
- ఈ పాట ఇంట్లో ఎవరు పాడేవారు? ఒక్క చరణం పాడతారా?

ఆ ఫైలుకు ప్లేటు సంఖ్యే పెట్టండి. ఉదాహరణకు 014-ఎ, 014-బి పాటలైతే 014-మాట వాళ్ల గొంతు. మూడూ ఒకే ఫోల్డరులో, కవరు ఫొటోలతో కలిపి.

10. దాచడం, మోసుకెళ్లడం

ప్లేట్లు నిలువుగా నిలబడాలి, ఏటవాలుగా కాదు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్న లక్క ప్లేటు చిట్లుతుంది. 10, 12 అంగుళాలవి వేరువేరు అరల్లో. ప్లేటు కొత్త కవర్లో, అసలు అట్ట దాని వెనకే. నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు, సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో నెలకోసారి మార్చండి. అటక, మిద్దె కింది గది, వంటింటి గోడ పనికిరావు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వినైల్ ఒక్క మధ్యాహ్నం ఉంటే వంగిపోతుంది.

ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి: కంప్యూటర్, బయటి హార్డ్ డిస్కు, ఇంకో ఊళ్లోని తోబుట్టువు ఇంట్లో ఒక డిస్కు లేదా క్లౌడ్. ఏడాదికోసారి తెరిచి వినండి. కుటుంబానికి పంచడానికి ఎంపీ3 నకళ్లు చాలు. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఆగి చూసుకోండి. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది, సాహిత్యానికి, స్వరానికి హక్కులు విడిగా ఉంటాయి.

విమానంలో లక్క ప్లేట్లు చేతి సామానులోనే తీసుకెళ్లండి. 10 అంగుళాల ప్లేటు ఒక్కోటి సుమారు 200 గ్రాములు. 7 కిలోల పరిమితిలో అట్టలతో కలిపి పాతికకు మించవు. ప్రతి ఐదింటికీ రెండువైపులా గట్టి అట్ట పెట్టి, కట్ట కదలకుండా బిగించి, చుట్టూ రెండు వేళ్ల మందం తువ్వాళ్లు కూరండి. సంచిలో కట్టలు నిలువుగా, అంచు మీద నిలబడాలి. తనిఖీ దగ్గర తెరవమంటే మీరే తీసి చూపిస్తామని ముందుగా చెప్పండి.